హెడ్‌ఫోన్‌లో అక్క పిలుపు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది తిరుత్తణి. అమ్మ, అక్క మగ్గం నేసి నన్ను చదివించారు. సముద్రాల అవతల, వాన పడని ఎత్తైన కొండమీద ఉన్న ఒక టెలిస్కోపు పంపే సమాచారాన్ని పరిశీలించడం నా ఉద్యోగం. విశ్వం పుట్టిన తొలి క్షణంలో లేచిన గురుత్వ తరంగాలు, అతి పాత వెలుగులో ఓ సన్నని మెలిక వదిలి ఉండాలి. మేం వెతికేది దాన్నే. ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. పాలపుంతలోని దుమ్ము కూడా అలాంటి మెలికే చూపించి మోసం చేస్తుంది. ఆ దుమ్ము వల్ల వచ్చిందాన్ని గుర్తించి తీసేయాలి.

అక్క తిరువళ్లూరు ఆస్పత్రిలో పోయింది. జ్వరమని చేర్చాం, తిరిగి రాలేదు. నాకు ఏడుపు రాలేదు. కర్మలయ్యాక ఇంట్లోనే లాప్‌టాప్ తెరిచి పనిలో కూర్చున్నాను. ఆకలి తెలిసేది కాదు.

ఆ మధ్యాహ్నం అమ్మ బజారుకు వెళ్లింది. తలుపు గడియపెట్టి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, కోల్‌కతాలో ఉండే సహోద్యోగితో కాల్‌లో ఉన్నాను. దుమ్ము తీసేశాక ఆకాశపు మ్యాపులో ఏమైనా మిగిలిందా అని ఇద్దరం చూస్తున్నాం.

"పాపా, యాడుండావు? అన్నం ఆరిపోతా ఉండాది, బిన్నా రా."

అక్క గొంతు, హెడ్‌ఫోన్‌లోనే. భయం వేయలేదు. చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి.

ఎవరో పిలుస్తున్నారు, వెళ్లి రమ్మన్నాడు సహోద్యోగి. ఏం వినిపించిందని అడిగాను. "యాడుండావు," అన్నాడు తడబడుతూ. దాని అర్థమేమిటని నన్నే అడిగాడు. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి.

లేచి ఇల్లంతా చూశాను. గడియ వేసినట్టే ఉంది. పక్కింట్లో ఎవరూ లేరు. నా ఫోనులో అక్క గొంతు రికార్డు చేసింది ఏదీ లేదు. మా కాల్స్ అన్నీ రికార్డవుతాయి, ఆ రికార్డు తిరిగి విన్నాను. పిలుపు వినబడిన చోట నిశ్శబ్దం. ఆ తర్వాత అతని మాటలు మాత్రం ఉన్నాయి.

అమ్మ రాగానే చెప్పాను. చేతిలో సంచి దించకుండానే వినింది.

"పలికినావా?"

"లేదుమా."

"పలికుండొచ్చు కదా, పాపా."

సంచి దించి అన్నం పెట్టింది. తిన్నాను. రుచి తెలియలేదు. సాయంత్రానికి మ్యాపు పని పూర్తయింది. అందులో ఏమీ మిగల్లేదు.

విన్నానని సహోద్యోగి ఇప్పటికీ అంటాడు. రికార్డులో లేని మాట ఇద్దరం ఎలా విన్నామో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ అప్పుడప్పుడు నా పక్కన కూర్చుని హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుంటుంది. అందులో ఏమీ వినబడదు. తీసేయమని నేను చెప్పను.