మంచులో మోగిన బడిగంట

మా నాన్నగారు తెనాలిలో లెక్కల మాస్టారు. దెయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే, "ఎన్ని గంటలకు? పక్కనెవరున్నారు?" అని అడిగేవారు. ఆయన కూతుర్ని నేను. దేవుణ్ణి తప్ప కంటికి కనబడనిదేదీ నమ్మలేదు.

డెబ్భైల మొదట్లో పిట్టలవానిపాలెం దగ్గర ఒక పల్లెలో మిషన్ బడికి టీచరుగా వెళ్ళాను. ఒక పెంకుటిల్లు, వసారా, ముందు పెద్ద ఆటస్థలం. వసారా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్కే మా గంట. దాన్ని కొట్టే ఇనప కడ్డీ నా దగ్గరే ఉండేది.

ఆ ఏడు వరికి దోమ పట్టింది. బాపట్ల వైపు నుంచి చిన్న విమానం వచ్చి చేల మీద మందు చల్లేది. చప్పుడు వినబడితే చాలు, పిల్లలు పలకలు వదిలేసి బయటికి పరుగెత్తేవాళ్ళు.

ఆ రోజు బడివేళకు కూడా మంచు విడలేదు. ఎదురుగా కాలవగట్టే కనబడటం లేదు. అరవై మంది దాకా పిల్లలు ఆటస్థలంలో ప్రార్థనకు నిలబడ్డారు. పైన విమానం చప్పుడైంది. అందరూ తలలెత్తారు. ఆ చప్పుడు రోజూలా లేదు, దగ్గుతున్నట్టు తెగి తెగి వస్తోంది. ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోయింది.

నేనూ తలెత్తి ఆ మంచులోకే చూస్తూ నిలబడిపోయాను.

అప్పుడు గంట మోగింది. గబగబా, ఆగకుండా. అలవాటు ప్రకారం పిల్లలు తోసుకుంటూ లోపలికి పరుగెత్తారు. వాళ్ళ వెనకే నేనూ. ఆఖరి పిల్లను వసారాలోకి లాగానో లేదో, మంచులోంచి విమానం ఆటస్థలంలోకి దిగింది. చక్రాలు విరిగాయి. ఒక రెక్క నేలను కోసుకుంటూ పోయి కంచెకు తగిలి ఆగింది. పిల్లలు నిలబడ్డ చోటు దున్నిన చేనులా అయింది.

పైలట్ తెలుగతనే. నుదుటి మీద నెత్తురు. మా హెడ్మాస్టారూ, ఊళ్ళోవాళ్ళూ దించి వసారాలో మంచం మీద పడుకోబెట్టారు.

"గంట కొట్టిందెవరండి?" అదే అతని మొదటి మాట. "ఇంజనాగాక నాకేం కనబళ్ళేదండి, అంతా తెలుపే. బడీ, దాని ముందు ఖాళీ స్థలం ఉంటాయని గంట వినబడ్డ వైపుకి తిప్పాను."

హెడ్మాస్టారు నావైపు తిరిగి, "మంచి పని చేశావమ్మా" అన్నారు.

"నేను కాదండి. మీరనుకున్నాను."

"నేను బావి దగ్గరున్నా కదమ్మా. గంట విని పరిగెత్తుకొచ్చా."

కడ్డీ నా చేతిసంచిలోనే ఉంది. తీసి చూపించాను.

పిల్లలందర్నీ అడిగాను. ఎవరూ గంట దగ్గరికి వెళ్ళలేదు. గాలా అంటే, ఆకు కూడా కదలని పొద్దు అది. మాకే అలా వినిపించిందా అంటే, కాలవ అవతల గేదెలు కడుగుతున్న ముసలమ్మ కూడా విన్నానంది. పైలట్ బాపట్ల ఆసుపత్రిలో కోలుకుని, మళ్ళీ విమానం నడుపుతున్నానని హెడ్మాస్టారికి ఉత్తరం రాశాడు. అందులోనూ అదే ప్రశ్న.

ఆ రోజు బడికి సెలవిచ్చేశారు. పంపేముందు నేను హాజరు పిలిచాను. పేరు తర్వాత పేరు చదువుతుంటే, పిల్లలు "ప్రెజెంట్ టీచర్" అని గట్టిగా పలికారు. పొద్దున వచ్చినవాళ్ళలో ఒక్క గొంతూ తగ్గలేదు.