జామకాయ లోపలి రంగు

మా వంటిల్లు మొదటిసారి చూసినవాళ్ళు కళ్ళు చికిలిస్తారు. తర్వాత మర్యాద గుర్తొచ్చి బాగుందంటారు. తిరునాళ్ళలో అమ్మే పీచుమిఠాయి రంగు అది, నాలుగు గోడలకీ. వేసింది మా నాయన ఓబళప్ప. ముప్పై ఏళ్ళుగా బెంగళూరు ఇళ్ళకు రంగులేసిన మనిషి సొంత ఇంటికి ఈ పని ఎందుకు చేశాడని అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

మా అమ్మ పుల్లమ్మ అడిగింది ఆ రంగు కాదు. ఎర్ర జామకాయ కోసి లోపల చూపించి, "ఇంత లేతగా కావల్ల," అనేది. పెళ్ళయినప్పటి నుంచీ అంటూనే ఉంది. మా ఇంటికేమో ఎప్పుడూ వేరేవాళ్ళ ఇళ్ళలో మిగిలిన డబ్బాలే గతి. నాలుగేళ్ళ కిందట ఆమె దొడ్డబళ్ళాపురంలో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు నాయన కొత్త డబ్బా తెచ్చాడు. మిషన్ కలిపిన రంగును ఆయన నమ్మడు. తెల్ల రంగులో స్టెయినర్ అనే చిక్కటి ఎర్ర రంగును చుక్కలు చుక్కలుగా పోసి, కర్రతో తిప్పుతూ కూర్చున్నాడు. "ఇంగా రాలేదు, ఇంగా రాలేదు," అంటూ చుక్క మీద చుక్క వేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ చూసుకుంటున్నాను.

అమ్మ తిరిగొచ్చి గడపలో నిలబడింది. గోడలు చూసింది, తర్వాత ఆయన మొహం చూసింది. "శానా బాగుండాదప్పా. అచ్చం జామకాయే," అంది.

నన్ను పెరట్లోకి పిలిచి మాత్రం, "మీ నాయనకు కండ్లు పోతా ఉండాయి. ఎవురికీ చెప్పొద్దు," అంది. చూపు తగ్గిన పెయింటర్‌ను ఎవరు పిలుస్తారు? పోనీ ఆపరేషన్ అందామా, ఆ మాట వింటేనే ఆయన ఇల్లు వదిలి పోయే రకం.

మరుసటి వారం నుంచి అమ్మ ఆయన వెంట పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంట్లో పొద్దుపోవడం లేదంది. క్యారియర్ పట్టుకుని బకెట్ పక్కన కూర్చునేది. ఆయన స్టెయినర్ వేస్తుంటే, ఏవో మాటల మధ్య అన్నట్టుగా, "చాలప్పా," అనేది. ఆయన చెయ్యి ఆగేది. ఆ తర్వాత ఒక్క గోడా చెడలేదు. "ఈ వయసులో నన్ను విడిచి ఉండలేకుండాది," అని తోటి పెయింటర్ల దగ్గర నాయన గొప్పలు పోయేవాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఈ మార్చిలో నిచ్చెన మెట్టు కనబడక జారాడు. దెబ్బ తగల్లేదు గానీ, బెదిరిపోయి ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజు ఆటోలో ఇంటికొచ్చి, నీళ్ళు తాగుదామని వంటింట్లోకి వెళ్ళి అక్కడే ఆగిపోయాడు.

"ఈ రంగు ఎవురు ఏసిండేది?"

అమ్మ స్టవ్ కట్టేసింది. ఆయన గోడను అరచేత్తో తడిమి, తన చేతివైపు చూసుకున్నాడు.

"అయితే నువ్వు పనికాడికి వచ్చింది దీనికా? కావిలి కాసేకా?"

"అవునప్పా," అంది అమ్మ. అబద్ధం మోసి మోసి అలిసిపోయినట్టుంది.

కోపమొచ్చినా బాగుండేది. మా నాయన కోపం నాకు తెలుసు, అరగంటలో చల్లారిపోతుంది. అది రాలేదు. ఏదీ రాలేదు. దుమ్ములోకి పోవద్దని డాక్టరు చెప్పిన నెల రోజులూ నల్లద్దాలు పెట్టుకుని వంటింటికి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. పెడితే తిన్నాడు. కంట్లో మందు వేస్తే తలెత్తాడు. రంగు మార్చేద్దాం నాయనా అంటే, "ఏ రంగయితే ఏముండాది," అన్నాడు. ఆయన ఇక బ్రష్ పట్టడని అమ్మకు భయం పట్టుకుంది. నిజం చెప్పాలంటే నాకూ ఆ నెలంతా మొద్దుబారినట్టే ఉంది. ఆఫీసుకు వెళ్ళాను, వచ్చాను. అమ్మ భయం కూడా పక్కింటి టీవీ మోతలా వినిపించింది.

బ్రూక్‌ఫీల్డ్‌లో ఫర్హానా మేడమ్ అని ఒక స్కూలు టీచరు, తన పడకగదికి లేత గులాబీ వెయ్యాలని ఫిబ్రవరిలోనే చెప్పి, ఓబళప్పే రావాలని ఆగి ఉంది. నెల దాటిన సోమవారం నాయన బ్రష్‌లు సంచిలో వేసుకున్నాడు. అమ్మ అలవాటు కొద్దీ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. ఆయన ఒకసారి చూశాడు. ఆమె చెప్పులు విడిచేసింది. ఒక్కడే వెళ్ళిపోయాడు.

నేను ఆ రోజు ఇంట్లోనే ఉండి పని చేసుకుంటున్నాను. పదకొండింటికి అమ్మ ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టి, బియ్యం ఏరుతూనే మాట్లాడింది.

"రంగు కలిపినా. జామకాయ రంగే వచ్చింది. నాకు బాగా కనపడతా ఉండాది."

"మంచిదప్పా."

అవతల కర్ర బకెట్‌కు తగిలిన చప్పుడు వినిపించింది.

"కలిపేటప్పుడు చెయ్యి ఆపి పక్కకు చూసినా. నువ్వు లేవు."

"ఇంగ నేనెందుకు? కండ్లు వచ్చినాయి కదా."

"చూసేకి కాదు. ఊరికే కూచునేకి రా."

నాలుగేళ్ళూ ఆమె తనంతట తానే వెళ్ళింది. ఆయన పిలవడం ఇదే మొదలు. అమ్మ చేట పక్కన పెట్టి, ఇద్దరికి సరిపడా అన్నం క్యారియర్‌లో సర్దుకుని, నాతో కూడా చెప్పకుండా చెప్పులేసుకుని బయల్దేరింది.