శెట్టిగారి ట్యాంకుకు కుంకుమ బొట్టు

సుబ్బరాయుడు శెట్టిగారు ఇక లేరన్న దుర్వార్త నాకు ఆళ్లగడ్డ బస్టాండులో అందింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. శిల్పులు విగ్రహాలు చెక్కేటప్పుడు రాలే మెత్తని రాతిపొడి కావాలని ముందురోజే ఫోన్ చేసి నన్ను పంపించిన మనిషి! పొట్లం నా సంచిలో ఉంది. నంద్యాల బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

కుళాయిలు, పైపులు, మేకులు కొన్నవారందరికీ ఆయన నంద్యాలలో ఇనుపసామాన్ల వర్తకులు. కొట్టు వెనుక గదిలో మాత్రం యుద్ధట్యాంకుల నిర్మాత. అసలు ట్యాంకులో ముప్ఫై అయిదో వంతు పరిమాణంలో, ప్లాస్టిక్ విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చే నమూనా కిట్లను తెప్పించి, కోసి, అరగదీసి, అతికించి, ఫలానా యుద్ధంలో ఫలానా ట్యాంకు ఎలా ఉండేదో అచ్చం అలాగే నిలబెట్టడం ఆయన వ్యసనం. సతీమణి లక్ష్మీదేవమ్మగారు ఆ గదిని "ఈయప్ప రెండో సంసారం" అనేవారు. బడిలో చరిత్ర బోధించిన నేను ఈ విద్యలో ఆయనకు శిష్యుణ్ణి, అందులోనూ మందబుద్ధి శిష్యుణ్ణి.

"పెట్టె మీద బొమ్మ జూసి ట్యాంకు కొనేది, పెండ్లిపత్రిక జూసి పెండ్లికూతుర్ని మెచ్చుకునేది ఒకటే సారూ" అనేవారు. "లోపల ఏముందో జూడాల. ఏది తక్కువ కోస్తే నిజమైతాదో అదే మంచి కిట్టు."

నా తొలి ట్యాంకు ఎడారిలో పోరాడినది. దానికి బురద పట్టినట్టు కనబడాలని మా చేలోని నల్లరేగడి తెచ్చి ఎంతో శ్రద్ధగా పూశాను. శెట్టిగారు కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు పరిశీలించారు. "ఎడారికి పోతా పోతా ఇది నంద్యాల శనగచేలో దిగబడిందా సారూ?" అని అడిగి, గది దద్దరిల్లేలా నవ్వారు. ఆ తరువాత పాత పళ్లబ్రష్షు తీసుకుని, నా మట్టినంతా తామే కడిగిపెట్టారు.

అవుకు నుంచి దస్తగిరి అనే మాజీ సైనికుడు ఒకనాడు పైపు కోసం కొట్టుకు వచ్చాడు. డెబ్భైఒకటి యుద్ధంలో ట్యాంకు నడిపినవాడు. వెనుక గదిలోకి తొంగిచూసి, "నా బండి జేస్తావా శెట్టీ? కండ్లు మూసేలోపల ఒకసారి జూసుకుంటా" అన్నాడు. "జేస్తా. యుద్ధంలో ఎట్లుండెనో అట్లనే జేస్తా" అని శెట్టిగారు మాట ఇచ్చారు.

ఆ మాటకు ఆయన ఎంత కష్టపడ్డారో నేను ప్రత్యక్షసాక్షిని. దొరికిన కిట్టు తరువాతి కాలపు రూపం కనుక, పైనున్న మరతుపాకీని తొలగించారు. పోతపోసిన ఉక్కు గరుకుదనం కోసం ఆళ్లగడ్డ రాతిపొడిని జిగురులో కలిపి పూశారు. శత్రువు దగ్గర కూడా అదే పోలిక ట్యాంకులుండటంతో, మనవి గుర్తుపట్టడానికి ఫిరంగి గొట్టం నడుమ ఒక ఉత్తుత్తి డబ్బా తొడిగేవారు. బాల్‌పెన్ను ముక్క ఒకటి ఆ డబ్బా అయింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు లక్ష్మీదేవమ్మగారు త్రాసుకు, రంపానికి, గల్లాపెట్టెకు బొట్లు పెడుతూ, అదే చేత్తో ట్యాంకు ముందుభాగాన కూడా ఒక తడి కుంకుమబొట్టు పెట్టారు. ఆరీ ఆరని రంగులోకి ఎరుపు ఇంకిపోయింది. శెట్టిగారు ఉగ్రనరసింహులయ్యారు.

"ఏందే ఇది? చరిత్రకు బొట్టు పెడ్తావా?"

"అది ఆయుధం కాదా? కాకుంటే ఇన్నాళ్లు ఈడ ఏం జేస్తాండారు మీరు?" అన్నారావిడ.

పనెంతవరకు వచ్చిందో చూడటానికి ఆ పూట వచ్చిన దస్తగిరి, బొట్టు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "యుద్ధానికి ముందు దసరాకు మేమూ పెట్టినాం శెట్టీ. సరిగ్గా ఆడనే. నీకు చెప్పేది మర్సిపోయినా."

లక్ష్మీదేవమ్మగారి ముఖం వెలిగిపోయింది. కానీ ఓడిపోవడం శెట్టిగారికి తెలియని విద్య. "దసరా యాడ, డిసెంబరు యాడ? యుద్ధం నాటికి ఆ బొట్టు దుమ్ముకు, మంచుకు వెలిసిపోయుంటాది" అని, ఆవిడ పెట్టినదాన్ని చెరిపి, వెలిసిన బొట్టు దిద్దే ప్రయత్నంలో పడ్డారు. ఎన్ని ఎరుపులు కలిపినా తృప్తి లేదు. "ఇదింకా కొత్తపెండ్లికూతురి బొట్టే సారూ. రాతిపొడి అద్దితే మసకబారుతాదేమో" అన్నారు. నేను ఆళ్లగడ్డ వెళ్లింది అందుకే.

పెద్దకర్మ నాడు ఆయన ఛాయాచిత్రం ముందు ట్యాంకును ఉంచారు. బొట్టు చోటు ఖాళీగా ఉంది. దస్తగిరి తన బండిని తీసుకువెళ్లడానికి వచ్చి, దాన్ని చూస్తూ కూర్చున్నాడు. గురువుగారి మాట దక్కాలని నేను కుంచె, రాతిపొడి సిద్ధం చేసుకుంటున్నాను. అంతలో లక్ష్మీదేవమ్మగారు లేచి వచ్చి, భరిణెలో వేలు ముంచి, నిండుగా, ఎర్రగా ఒక బొట్టు పెట్టారు. చుట్టాలు ముఖముఖాలు చూసుకున్నారు.

"అమ్మా, డిసెంబరు నాటికి అది వెలిసిపోవాల గదా" అన్నాను మెల్లగా.

"తెలుసు సార్. తప్పే. తప్పని చెప్పేదానికి ఆయప్పనే రమ్మను."

దస్తగిరి నన్ను కుంచె ముట్టనివ్వలేదు. ఆ బొట్టుతోనే ట్యాంకు అవుకు చేరింది. ఇంత చిన్న తప్పును ఇంత ప్రేమగా పట్టుకునే మనిషి మా నంద్యాలకు మళ్లీ దొరకడు. శెట్టిగారూ, మీకు నా నమస్సులు. దసరాకూ డిసెంబరుకూ తేడా మీ శిష్యుడికి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు. ఈ ఒక్క తప్పుకు మీరు కేకలేస్తే వినాలని మాకందరికీ ఉంది.