పూలకారులో ఎస్తేరు

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే అక్కమ్మ ఒకే ఒక్క కేకతో అరవై ట్రాక్టర్లను గాల్లోకి లేపింది. సరే, గాల్లోకి కాదు, పక్క చేలోకి. అరవై కూడా కాకపోవచ్చు. కేక మాత్రం నిజం.

ఆ పొద్దు ఆమె పక్కన కాయలు ఏరుతున్న ఎస్తేరుకు నెలలు నిండకముందే కాన్పు నొప్పులొచ్చాయి. అంబులెన్సు ఇంకో కాన్పుకు పోయిందన్నారు. గేటు ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి, ఆటో కూడా దూరే సందు లేదు.

"పెద్దమ్మా, పోయినసారి మాదిరే అయితాదేమో," అని ఎస్తేరు ఏడ్చింది. పోయినసారి బిడ్డ దారిలోనే పోయింది.

ఫ్యాక్టరీ పక్కనే యజమాని ఇల్లు. ఆ రోజు కోడలు రాజశ్రీకి సీమంతం. ఆమెను పుట్టింటికి పంపే కారుకు బంతిపూలు కట్టి, డ్రైవరు ధర్మేంద్ర అద్దాలు తుడుస్తున్నాడు. రాజశ్రీకి కాస్త కడుపుబ్బరమైనా చిత్తూరుకు పరిగెత్తే కారు అది.

అక్కమ్మ ఎస్తేరును తెచ్చి వెనక సీట్లో పడుకోబెట్టింది.

"ఏందక్కా ఇది? ఓనరమ్మ సూస్తే నా పని గోవిందా!"

"సీమంతం కారే గదప్పా. కడుపుతో ఉండేదాన్నే ఎక్కించినా."

"ఈ యమ్మ కాదు గదా!"

"కడుపును సూసి తోలు. మొగం సంగతి నాకొదిలెయ్."

లోపల ఎస్తేరు మూలిగింది. ధర్మేంద్ర చెయ్యి దానంతటదే తాళం తిప్పింది. గేటు దగ్గర అక్కమ్మ కిటికీలోంచి సగం బయటికొచ్చి ఆ కేక వేసింది.

"తప్పుకోండ్రా! కాయలు రేపైనా మాగుతాయి, బిడ్డ ఆగదు!"

ట్రాక్టర్లన్నీ చేలోకి దిగాయి.

చిత్తూరులో ధర్మేంద్రకు తెలిసింది రాజశ్రీ చూపించుకునే ఆసుపత్రి ఒక్కటే. కారును చూడగానే గేటు తెరిచారు. నర్సులు చక్రాల కుర్చీతో పరుగెత్తుకొచ్చారు. గుజ్జు మరకల చీర చూసి ఒకరు నసుగుతుండగానే, కారు లోపలే ఆడపిల్ల పుట్టి కేర్‌మంది.

సాయంత్రం వాకిట్లోనే రాజశ్రీ అత్త భారతమ్మ అక్కమ్మను నిలదీసింది.

"ఎవురినడిగి తీసకపోయినావే మా కోడలి కారు?"

"సీమంతం బిడ్డ సల్లంగుండాలనే గదమ్మా? ఒక బిడ్డ తొందరపడింది."

గాజుల చేతులు నోటికి అడ్డం పెట్టుకుని రాజశ్రీ నవ్వింది. "నేను రేపు పోతాలే అత్తా. బిడ్డ బాగుండాదా అక్కమ్మా?"

ఇప్పుడు ఈ సంగతి ఎవరెత్తినా, ఎస్తేరు కూతురిని ఒడిలో పెట్టుకుని మామిడిపండు రసం నాకిస్తూ అక్కమ్మ కొట్టిపారేస్తుంది.

"అంతా అబద్ధం. నేను కేకేసిందే లేదు. కారూ లేదు, పూలూ లేవు. ఎస్తేరు బస్సెక్కి పోయినాది."