రాయి చాటున తీసిన ఫోటో

కార్తీక మాసంలో కపిలతీర్థంలో మునిగి, రాయి చాటున తడి చీర మార్చుకుంటున్నాను. తోడొచ్చిన మా వదిన దుప్పటి అడ్డం పట్టింది. దుప్పటి ఒక పక్కకే కదా వస్తుంది, రెండో పక్క కొండే కదా అనుకున్నాం. ఆ కొండ మీద ఒకడు కెమెరా పట్టుకుని కూర్చుంటాడని ఎవరనుకుంటారు?

కొన్నాళ్ళకు వదినే చెప్పింది, బజారులో స్టూడియో అద్దాల పెట్టెలో నేనున్నానని. పోయి చూస్తే వీపంతా బయటికే, సగం చుట్టిన చీర, పక్కకు తిరిగిన నా ముఖం. మొగుడు పోయినాక పెళ్ళిళ్ళలో ఫోటో అంటేనే వెనక్కి జరిగేదాన్ని. అలాంటి నన్ను నడిబజారులో నిలబెట్టాడు.

లోపలికి దూరి, దాన్ని లాగి ముక్కలు చేసి వచ్చాను. స్టూడియో అతను అడ్డు రాలేదు. పీడ పోయిందనుకున్నాను. మరుసటి వారమే అంతకన్నా పెద్దది అక్కడ ఉంది.

"సించేస్తివి గదమే, మళ్ళా యాడినుంచి వచ్చె?" అంది వదిన.

ఫిలిం అనేదొకటి ఉంటుందని, దాన్నుంచి ఎన్నైనా తీయొచ్చని అతను నవ్వుతూ చెప్పేదాకా మాకు తెలియదు.

పోలీసు స్టేషనుకు పోయాను. తాకినాడా, తిట్టినాడా, ఏమన్నా ఎత్తుకుపోయినాడా అని కానిస్టేబులు అడిగాడు. లేదన్నాను.

"అయితే ఏమని రాసేదమ్మా? ఫోటో తీస్తే తప్పని యాడా లేదే."

అతన్ని పిలిపించాడు. వచ్చినవాడు, "కెమెరా నాది, రీలు నాది సార్," అన్నాడు.

"ఒళ్ళు ఎవరిదప్పా?" అన్నాను.

కానిస్టేబులు ఫ్యాను వైపు చూశాడు.

ఇంక నేనే స్టూడియో మెట్టు మీద కూర్చున్నాను. సంబంధాలకు ఫోటో తీయించుకోవడానికి ఆడపిల్లల్ని తెచ్చిన తల్లులందరికీ ఆ అద్దాల పెట్టె చూపించి, అది నేనేనని చెప్పాను. సిగ్గు ఎప్పుడో చచ్చింది. తల్లులు వెనక్కి మళ్ళారు. బేరాలు పోతుంటే తట్టుకోలేక అతనే పెట్టెలోది తీసేసి, ఒక ఫిలిం ముక్క నా ఒళ్ళో పడేశాడు.

ఎండకు పట్టి చూశాను. ఫిలింలో నలుపు తెలుపు తారుమారు, జుట్టు తెల్లగా, ముఖం నల్లగా ఎవరో ఆడమనిషి. నేనేనా? వదినకూ తెలియలేదు. పొయ్యిలో వేశాను, కంపు కొట్టింది. ఇట్లా ఫోటో తీయడం తప్పని చట్టంలో ఒక్క మాట ఉంటే, ఆ ఫిలిం ఎవరిదో తేల్చే పని కానిస్టేబులుది అయ్యేది.

నేను కాల్చింది నన్నో, ఇంకెవరినో. ఇప్పటికీ ఏ బజారుకు పోయినా స్టూడియో అద్దాల పెట్టె చూడకుండా దాటలేను.