ఘాట్ రోడ్డుకు పడవ మోకు

రాయపూర్ బయల్దేరిన లారీని కూర్మన్నపాలెంలోనే ఆపించి, ఉక్కు కాయిల్‌కు మా బావ కట్టిన పడవ మోకు తాడును విప్పి ఇనుప గొలుసులు వేయమన్నాను. మావి సముద్రం మీద వేటకెళ్లే కుటుంబాలు; లారీ తోలుతున్నా బావ నమ్మకం మోకు మీదే. సాలూరు ఘాట్ ప్రమాదాల వార్తలు పత్రికకు రాసీ రాసీ నాకు కుదురు పోయింది. మలుపులో బ్రేకు వేస్తే మోకు తెగి కాయిల్ క్యాబిన్ మీదికే వస్తుంది.

“గొలుసులేత్తే తూకం ఎక్కువైపోద్ది, చెక్‌పోస్టులో ఆపేత్తారు. గాలివానకి పడవనాపిన మోకిది బావా!”

“పడవ ఘాట్ ఎక్కదు కదేటి?”

“అయితే నువ్వే తోలు.”

విసుక్కుంటూనే గొలుసులు వేశాడు. తూకం సరిపోవడానికి స్టెప్నీ టైరు దింపి నా ముందుకు దొర్లించాడు. తర్వాత ప్రతి లోడుకూ అదే పద్ధతయింది. ఘాట్‌లో టైరు పేలితే ఏం చేస్తావంటే మాత్రం బావ ఇప్పటికీ “అయితే నువ్వే తోలు” అంటాడు.