మొదటి బిందె

మా ఊరు జఫర్‌గఢ్ మండలంలో ఉంది. ఊరు కట్టిన నాడు నాటిన బొడ్రాయి మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉంటుంది. ఆ రాయిని మళ్లీ ప్రతిష్ఠించడమంటే తరానికి ఒక్కసారి జరిగే పండుగ. ఆ రోజు ఊరి ఆడవాళ్లంతా డప్పుల వెంట బిందెలతో నీళ్లు తెచ్చి రాయి మీద పోస్తారు. మొదటి బిందె మా ఇంటిది. మా ఇంటిదంటే మా కోడళ్లది కాదు, మా ఇంట్లో పుట్టి పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు కూడా.

కిందటిసారి మా మేనత్త పోసింది. అప్పుడు నేను లంగా జాకెట్టు వేసుకునే పిల్లని. అత్త మొగుడు తాగుబోతు. అత్తగారింట్లో ఆమెను పిలిచి అన్నం పెట్టిన వాళ్లు లేరు. అలాంటి మనిషి కోసం ఆ రోజు ఊరంతా ఆగింది. పెద్ద కులాల ఆడవాళ్లు కూడా బరువు బిందెలు నెత్తిన పెట్టుకుని, ఆమె పోసేదాకా ఎండలో నిలబడ్డారు. పోసి వచ్చాక, తడిసిన చీరతోనే, అత్త ఆ ఖాళీ ఇత్తడి బిందెను సరదాగా నా నెత్తి మీద పెట్టింది.

"వచ్చేసారి నీదే బిడ్డా. నేను ఉంటనో పోతనో. గిది మాత్రం ఎవ్వలకు ఇయ్యకు," అన్నది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. బిందె నా దగ్గరికి వచ్చింది. మహబూబాబాద్‌లో ఇళ్లు మారినప్పుడల్లా సామానంతా ఆటోవాళ్లకు వదిలేసి, ఆ బిందెను మాత్రం ఒళ్లో పెట్టుకుని వెళ్లేదాన్ని.

పోయిన ఏడు పండుగ నిశ్చయమైంది. అన్న భూపాలపల్లి నుంచి ఫోన్ చేశాడు. అన్న బొగ్గుబావిలో పనిచేసి రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నాడు, ఊళ్లోని భూమి కౌలుకిచ్చాడు. ఊళ్లో ఇంకో ఇంటివాళ్లు తమ తాతే మొదట వచ్చి ఊరు కట్టాడని పంచాయితీ మొదలుపెట్టారట. వాళ్ల నోళ్లు మూయించాలంటే మన మూలపురుషుడి చరిత్ర కాగితాలతో సహా ఉండాలని, ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తానని చెప్పాడు. "నువ్వు టీచర్‌గ చేసినవు గద చెల్లె, జర ఆయన సంగతంతా పట్టి ఇయ్యి," అన్నాడు. అన్న నన్ను ఒక పని అడగడం, అదీ చదువుకు సంబంధించిన పని అడగడం నా జన్మలో అదే మొదలు. పొంగిపోయాను. ఆ పొంగు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే మంటగా ఉంటుంది.

మూలపురుషుడి కథ మా ఇంట్లో పిల్లలకు అన్నంతో పాటు తినిపిస్తారు. గోదావరి ఒడ్డు నుంచి, కాళేశ్వరం అవతలి నుంచి, ఒక గొడ్డలి, జత ఎడ్లతో వచ్చాడట. అడవి కొట్టాడట, పులిని చంపాడట, ఊరు కట్టాడట. ఆయన పేరు మాత్రం ఎవరికీ ఖాయంగా తెలియదు, ఒకరు ఒకటంటే ఇంకొకరు ఇంకోటంటారు. నాయిన కర్మకు కాళేశ్వరం పోయినప్పుడు పంతులు మూడు తరాల పేర్లు అడిగితే, మూడో పేరు దగ్గర అన్న నా వైపు చూశాడు. పులి సంగతి అడిగి ఉంటే గడగడా చెప్పేవాడు.

నేను మొదట జనగామ పట్టుకున్నాను. పాత భూమి కాగితాల నకళ్ల కోసం ఆఫీసు చుట్టూ తిరిగాను. ఇవాళ సార్ లేడు, రేపు సర్వర్ లేదు, ఎల్లుండి రండి. చివరికి చేతికొచ్చినవి నిజాం కాలం నాటివి, అన్నీ ఉర్దూలో. నాతో పాటు పనిచేసిన ఉర్దూ సార్ జనగామలోనే ఉంటాడు. భార్య పోయాక ఒంటరివాడయ్యాడు, మనిషి వస్తే చాలు సంతోషం. చాయ్ తాగించి, భూతద్దం పెట్టి చదివాడు. చదివినంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడు.

"పట్టాదారు మొగాయన కాదమ్మా, ఆడామె. ఫలానా ఆయన బిడ్డ అని రాసున్నది. మీరు చెప్పిన పెద్దమనిషి పేర్లల్ల ఒకటి ఆమె కిందున్నది, ఆమె ఇంటాయన అని."

సార్ పొరబడ్డాడేమో అనుకుని మళ్లీ చదివించాను. మళ్లీ అదే చదివాడు. తర్వాతి కాగితంలో పట్టా ఇద్దరు కొడుకుల పేర్ల మీదికి మారింది. మధ్యలో ఏం జరిగిందో ఆ కాగితాల్లో లేదు.

ఆ మధ్యది చెప్పగలిగిన మనిషి ఒక్కడే మిగిలాడు. మా కులానికి గోత్రాలు, వంశాలు చెప్పి గింజలు పట్టుకుపోయే ముసలాయన. నా చిన్నప్పుడు కోతలు అయ్యాక వచ్చి వాకిట్లో నిలబడి మా తాతల పేర్లు పాటగా చెప్పేవాడు. ఇప్పుడు కొత్తగూడ దగ్గర కొడుకు ఇంట్లో ఉంటున్నాడని తెలిసి పోయాను. మంచంలో కూర్చుని, అడగ్గానే గొడ్డలి, ఎడ్లు, పులి అన్నీ పాడాడు. నేను జనగామ కాగితం సంగతి చెప్పాను. పాట ఆపి, నవ్వాడు. నవ్వులో సిగ్గేమీ లేదు.

అసలు కథ ఆయన మాటల్లోనే చెప్పాలంటే చాలా పొడుగు. కుదించి రాస్తున్నాను. మా మూలపురుషుడు గోదావరి ఒడ్డు నుంచి రావడం నిజం. కరువుకు వచ్చాడు. గొడ్డలి లేదు, ఎడ్లు లేవు, భుజాన గొంగడి ఉంది. ఒక ఇంట్లో జీతానికి కుదిరాడు. ఆ ఇంటాయనకు ఒక్కతే బిడ్డ. జీతగాడు నెమ్మదిగా, ఒళ్లు దాచుకోకుండా చేస్తున్నాడని ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఊరు కట్టింది, బొడ్రాయి నాటింది ఆ మామ. భూమి బిడ్డకు పోయింది. అల్లుడు బావి తవ్వాడు, చెలకలు సాగు చేశాడు, మంచి మనిషే. పులి మాటేమిటని అడిగాను. పులిని తన తండ్రి పాటలో కలిపాడని చెప్పాడు. మా ముత్తాతకు పులి నచ్చి ఒక గొర్రెను ఇచ్చాడట.

మూలపురుషుడి భార్య చనిపోయాక ఆమె భూమి పంచుకోవలసి వచ్చింది. ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. ఆ బిడ్డ తన పాలు అడిగింది. మా అమ్మకు ఆమె తండ్రి నుంచి వచ్చిన భూమి, నాకెందుకు రాదంది. ఒక ఇంటి బిడ్డ పుణ్యాన జీతగాడి నుంచి రైతు అయినవాడు, తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాడు. ఇంతకాలం దండం పెట్టింది ఈయనకా అని కొత్తగూడ నుంచి బస్సులో వస్తూ ఒళ్లు మండింది నాకు.

ఆ బిడ్డ పోయి బొడ్రాయి పక్కన కూర్చుంది. ఎవరు చెప్పినా లేవలేదు. ఊరు పరేషాన్ అయింది. చివరికి పెద్దలు తీర్పు చెప్పారు. భూమి కొడుకులది, బొడ్రాయికి మొదటి నీళ్లు ఎప్పటికీ ఈ ఇంటి ఆడబిడ్డది. ఆమె దానికి లేచింది. ఎంత ఏడ్చి లేచిందో పాటలో లేదు.

ఇదంతా మా వాకిట్లో ఎందుకు పాడలేదని అడిగాను. "మీ నాయిన కాలంల ఒక్కపాలి పాడిన అవ్వా. ఆ ఏడు గింజలు సగమే పెట్టిండు. మల్ల ఎందుకు పాడుత?" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. మా నాయిన మీద వచ్చింది. అంటే ఆయనకు తెలుసు.

భూపాలపల్లి పోయి అన్నకు అంతా చెప్పాను. నిజం చెప్తున్నాను, సంతోషంగా చెప్పాను. ఊరు కట్టింది మన వాళ్లేనని కాగితంతో రుజువైంది, అవతలివాళ్లు ఇక మాట్లాడలేరు, మొదటి బిందె ఎందుకో కూడా తెలిసిందని వరసగా చెప్పుకుంటూ పోయాను. అన్న అన్నం కలుపుతూ ఆగిపోయాడు. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని అడిగాడు. తర్వాత ఇంకోటి అడిగాడు.

"వకీలును ఎవరినన్న కలిసినవా చెల్లె?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. నేను మూలపురుషుడి చరిత్ర తెచ్చాననుకున్నాను, అన్నకు అందులో నా వాటా కనిపించింది. నాకు గుంట భూమి కూడా వద్దని, ఎన్నడైనా అడిగానా అని అన్నాను. అడగలేదని ఒప్పుకుంటూనే కాగితాలు తన దగ్గర పెట్టమన్నాడు. తిన్న పళ్లెం కడుక్కోమని ఎప్పుడూ చెప్పే వదిన ఆ రోజు నా పళ్లెం తనే తీసింది, చుట్టాలకు తీసినట్టు. నకళ్లు అన్నకు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అప్పుడు నాకూ తెలియదు.

పండుగకు ముందురోజు ఊరికి పోయాను. బిందెను చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి తీసుకుపోయాను. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎవరో ఫోన్‌లో తయారుచేసిన బొమ్మ, గుబురు మీసాలు, చేతిలో గొడ్డలి, కాళ్ల కింద పులి. పక్కన వంశవృక్షం. ఆకు ఆకుకూ మగవాళ్ల పేర్లే. పట్టాదారు ఆమె లేదు, బొడ్రాయి పక్కన కూర్చున్న బిడ్డ లేదు, మా అత్త లేదు, నేను లేను. పుట్టి నాలుగు నెలలైన అన్న మనవడు ఉన్నాడు.

తెల్లారి బిందె నింపుకుంటుంటే అన్న వచ్చాడు. ఇంటిపేరు మారిన ఆడబిడ్డ మొదటి నీళ్లు పోయకూడదని పంతులు చెప్పాడట. ఈసారి ఇంటి పెద్దకోడలు, అంటే వదిన, పోస్తుందట. మనసులో ఏమీ పెట్టుకోవద్దట, నాకు మంచి పట్టుచీర తెచ్చాడట. అత్త పోసినప్పుడు ఆమె ఇంటిపేరు మారలేదా అని అడిగాను. ఆ రోజులు వేరన్నాడు. నా కళ్లలోకి చూడలేదు.

డప్పులు మోగాయి. వదిన కొత్త స్టీలు బిందెతో ముందు నడిచింది. నేను చాలా వెనక, ఎవరో కోడళ్ల మధ్యలో నడిచాను. ఆ పాతకాలపు బిడ్డలాగా నేనూ రాయి పక్కన కూర్చుందామా అనిపించింది. నాకు మోకాళ్ల నొప్పులు. ఆమె లేవనని కూర్చుంది, నేను కూర్చుంటే లేవలేను. వదిన నీళ్లు పోసింది. ఊరు చప్పట్లు కొట్టింది. ఎవరూ ఇదేమిటని అడగలేదు. నా వంతు వచ్చేలోపే వరస లోంచి బయటికి వచ్చి, నిండు బిందెను అలాగే మోసుకెళ్లి మా ఇంటి అరుగు మీద దించాను.

సాయంత్రం పుట్టింటివాళ్లు ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోసే వేడుక. పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చున్నాను. చుట్టాలంతా ఉన్నారు. వదిన దోసిలి నిండా బియ్యం తీసుకుంది, అన్న పక్కన నిలబడ్డాడు. నేను కొంగు చాపాను. అన్న ముఖంలోకి చూసి అన్నాను.

"అన్నా, మనోళ్లు ఆడబిడ్డ భూమి తీసుకొని బిందె ఇచ్చిన్రు. ఇయ్యాల బిందె నువ్వు తీసుకున్నవు. ఇగ నా భూమి నాకియ్యి."

వదిన చేతుల్లో బియ్యం అలాగే ఉండిపోయాయి. నేను చాపిన కొంగు తీయలేదు.